గర్భంలో షుగర్: ఒక రిపోర్టు ఉందంటుంది, ఇంకోటి లేదంటుంది

చెన్నైలో కాపురముండే తెలుగు కుటుంబాల్లో ఈ గొడవ తరచూ వినిపిస్తుంది. ఆరో నెలలో అమ్మాయికి ఇక్కడి ఆసుపత్రిలో గ్లూకోజ్ నీళ్ళు తాగించి, రెండు గంటలయ్యాక రక్తం తీసి, 146 వచ్చింది కాబట్టి షుగర్ ఉందని చెప్తారు. ఇంట్లో అందరికీ టెన్షన్. నెల్లూరులోనో తిరుపతిలోనో ఉన్న పుట్టింటివాళ్ళు నమ్మరు. "మా వైపు ఎవరికీ లేదు, ఇంత చిన్న పిల్లకి షుగరేమిటి?" అని అక్కడికి పిలిపించి మళ్ళీ చేయిస్తారు. ఆ ల్యాబులో పరగడుపున ఒకసారి, గ్లూకోజ్ తాగాక గంటకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి రక్తం తీసి, అంతా నార్మల్ అని కాగితం చేతిలో పెడతారు. ఇక ఇంట్లోవాళ్ళు తమకి నచ్చిన కాగితాన్నే నమ్ముతారు. పిల్లకి మళ్ళీ జున్ను, సున్నుండలు మొదలవుతాయి.

నిజానికి రెండు చోట్లా పరీక్ష సరిగ్గానే చేసి ఉండొచ్చు. రెండు కాగితాల్లోనూ రెండు గంటల అంకె అదే 146 అయి ఉండొచ్చు కూడా. తేడా అంతా గీత ఎక్కడ గీశారన్న దగ్గరే ఉంది. ఒక పద్ధతిలో రెండు గంటల గీత 140. ఇంకో పద్ధతిలో 153. మధ్యలో పడ్డ అమ్మాయికి ఒక ఊళ్ళో షుగర్ ఉన్నట్టు, ఇంకో ఊళ్ళో లేనట్టు. ఆ మధ్యలో పడ్డవాళ్ళు షుగర్ ఉన్నట్టే జాగ్రత్త పడాలన్నది నా గట్టి అభిప్రాయం. అది భయపెట్టడానికి అంటున్న మాట కాదు. ఎందుకో చెప్పాలంటే ముందు కడుపులో ఏం జరుగుతుందో చూడాలి. ఈ వ్యాసంలో షుగర్ అంకెలన్నీ ఒక డెసిలీటరు రక్తంలో ఎన్ని మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉందన్న లెక్కవే. ల్యాబు కాగితం మీద ఉండేదీ అదే.

మాయ దాటేదేమిటి, దాటనిదేమిటి

గర్భం సగానికి వచ్చేసరికి తల్లి ఒంట్లో ఇన్సులిన్ పని మందగించడం మొదలవుతుంది. ఇది ప్రతి గర్భిణికీ జరిగేదే. కడుపులో బిడ్డకి పోషణ అందించే మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే ప్లాసెంటల్ లాక్టోజెన్ లాంటి హార్మోన్లు, వాటితో పాటు పెరిగే ప్రొజెస్టిరాన్, కార్టిసాల్ కలిసి, తల్లి కండరాలు గ్లూకోజ్‌ని గబగబా లాగేసుకోకుండా అడ్డుపడతాయి. తిన్నది కాసేపు ఎక్కువగా రక్తంలో నిలిస్తే బిడ్డకి అందుతుందని శరీరం చేసుకున్న ఏర్పాటు అది. దానికి సరిపడా తల్లి క్లోమం మామూలు కన్నా రెండు మూడు రెట్లు ఇన్సులిన్ తయారు చేయాలి. ఎక్కువమందికి ఇబ్బంది లేకుండా జరిగిపోతుంది. కొందరి క్లోమానికి అంత శక్తి ఉండదు. వాళ్ళకే గర్భంలో షుగర్ బయటపడుతుంది. ఆ అమ్మాయి స్వీట్లు ఎక్కువ తిన్నందువల్ల వచ్చిందని అత్తింటివాళ్ళో పుట్టింటివాళ్ళో నింద వేయడం అన్యాయం. బరువు, వయసు, ఇంట్లో అమ్మానాన్నలకి షుగర్ ఉండటం, పీసీఓడీ, ముందు కాన్పులో పెద్ద బిడ్డ పుట్టడం ఇవన్నీ అవకాశాన్ని పెంచుతాయి. అవేవీ లేని సన్నటి అమ్మాయికీ రావచ్చు. మన దేశంలో గర్భిణులందరికీ పరీక్ష చేయాలనేది అందుకే.

ఇక బిడ్డ సంగతి. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకి చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. డెన్మార్క్‌కి చెందిన యోర్గెన్ పెడర్సన్ అనే డాక్టరు 1950లలో ఈ ఒక్క తేడా నుంచే మొత్తం విషయాన్ని వివరించాడు. తల్లి దగ్గర నుంచి చక్కెర ఎక్కువగా వస్తుంటే దాన్ని సర్దుకోవడానికి బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేయాలి. కడుపులో ఉన్న బిడ్డకి ఇన్సులిన్ అంటే చక్కెర తగ్గించేది మాత్రమే కాదు, పెరుగుదలను తోసే హార్మోన్ కూడా. దాంతో పొట్ట దగ్గర, భుజాల దగ్గర కొవ్వు చేరుతుంది. కాన్పు సమయంలో తల బయటికి వచ్చాక భుజాలు ఇరుక్కునే ప్రమాదం ఇక్కడి నుంచే వస్తుంది. పుట్టి బొడ్డుతాడు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది. బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా అదే జోరులో ఉంటుంది. అందుకే ఇలాంటి పిల్లలకి పుట్టిన మొదటి గంటల్లో రక్తంలో షుగర్ పడిపోతుంది. తల్లికి షుగర్ ఎక్కువై, బిడ్డకి తక్కువ కావడం వినడానికి విచిత్రంగా ఉంటుంది. కారణం ఇదే.

"స్కాన్‌లో బిడ్డ బరువు మామూలుగానే ఉందన్నారు, ఇంకేం భయం?" అని అడిగేవాళ్ళకి ఒక విషయం చెప్పాలి. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండ్ పిల్లలతో పోల్చి చూసింది. మన పిల్లల సగటు బరువు దాదాపు 2.7 కిలోలు, వాళ్ళది 3.5. అంత చిన్నగా ఉన్నా మన పిల్లల్లో తగ్గింది ఎక్కువగా కండ. చర్మం కింద కొవ్వు మాత్రం ఆ లెక్కలో తగ్గలేదు. కాబట్టి మన దగ్గర బిడ్డ బొద్దుగా ఉన్నాడా లేదా అన్నది చూసి తల్లి షుగర్‌ని అంచనా వేయడం నమ్మదగ్గ పద్ధతి కాదు. తల్లి రక్తం చూడాల్సిందే.

ఇక్కడే ఒక భయాన్ని తీసేయాలి. షుగర్ అనగానే ఇంటర్నెట్‌లో వెతికి, బిడ్డకి అవయవ లోపాలు వస్తాయని చదివి రాత్రంతా ఏడ్చే అమ్మాయిలున్నారు. గుండె, వెన్ను, మెదడు ఇవన్నీ మొదటి రెండు నెలల్లోనే రూపు దిద్దుకుంటాయి. ఆ సమయానికే షుగర్ బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళకి, అంటే గర్భానికి ముందు నుంచే షుగర్ ఉన్నవాళ్ళకి ఆ ప్రమాదం పెరుగుతుంది. ఐదో నెల దాటాక మొదలైన షుగర్ అప్పటికే తయారైన గుండెని చెడగొట్టదు. అందుకే ముందు నుంచి షుగర్ ఉన్నవాళ్ళు గర్భం అనుకున్న రోజే డాక్టరుని కలిసి, షుగర్‌ని అదుపులోకి తెచ్చుకున్నాకే ముందుకు వెళ్ళాలి. ఫోలిక్ యాసిడ్ కూడా అంతే. బిడ్డ వెన్నునాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది, చాలామందికి అప్పటికి నెల తప్పిందని కూడా తెలియదు. మామూలుగా రోజుకి 400 మైక్రోగ్రాములు, గర్భానికి ముందు నుంచే. షుగర్ ఉన్నవాళ్ళకి డాక్టర్లు ఇంకా ఎక్కువ మోతాదు రాస్తారు.

గీతలు గీసిందెవరు

గర్భంలో షుగర్‌కి మొదట గట్టిగా గీత గీసింది 1964లో, అమెరికాలోని బోస్టన్‌లో, ఓ సల్లివన్, మహాన్ అనే ఇద్దరు. వాళ్ళు చూసింది బిడ్డ గురించి కాదు. ఏ తల్లికి తర్వాత కాలంలో షుగర్ వస్తుందో ముందే పసిగట్టడానికి ఆ అంకెలు. ఎన్నో దేశాలు దశాబ్దాల పాటు వాటినే కాస్త అటూ ఇటూ మార్చి వాడుకున్నాయి.

బిడ్డ వైపు నుంచి పెద్ద ఎత్తున చూసింది 2008లో వచ్చిన హాపో అధ్యయనం. తొమ్మిది దేశాల్లో 23 వేల మందికి పైగా గర్భిణుల్ని గమనించారు. ఏ అంకె దగ్గర ప్రమాదం మొదలవుతుందో తేలుతుందని అందరూ ఎదురుచూశారు. అలాంటి అంకె కనపడలేదు. పెద్ద బిడ్డ పుట్టడం, బిడ్డ ఇన్సులిన్ పెరగడం లాంటివి షుగర్ పెరిగేకొద్దీ నెమ్మదిగా పెరుగుతూ పోయాయి. అంటే ఇది మెట్టు కాదు, వాలు. వాలు మీద ఎక్కడ గీత గీసినా దానికి కాస్త కింద ఉన్నవాళ్ళకి, కాస్త పైన ఉన్నవాళ్ళకి పెద్ద తేడా ఉండదు. అయినా డాక్టర్లకి ఒక గీత కావాలి కాబట్టి 2010లో అంతర్జాతీయ నిపుణుల బృందం కూర్చుని పరగడుపున 92, గంటకి 180, రెండు గంటలకి 153 అని ఖాయం చేసింది. మూడింటిలో ఏ ఒక్కటి తగిలినా షుగర్ ఉన్నట్టే. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే తీసుకుంది.

మరి 140 ఎక్కడిది? ఆ కథ చెన్నైది. మద్రాస్ మెడికల్ కాలేజీలో పనిచేసిన డాక్టర్ వి. శేషయ్య, ఆయన సహచరులు మన ఆసుపత్రుల వాస్తవం నుంచి ఆలోచించారు. సూళ్ళూరుపేట నుంచి లోకల్ ట్రైన్ ఎక్కి వచ్చే గర్భిణిని పరగడుపున రమ్మంటే ఆమె మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో ఉండాలి. ఇంకోరోజు రమ్మంటే రాదు, ఒకరోజు కూలి పోతుంది, తోడు వచ్చేవాళ్ళుండరు. అందుకని తిని వచ్చినా తినకుండా వచ్చినా సరే, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రెండు గంటలకి ఒకే ఒక్కసారి చూసి, 140 కానీ ఆపైన కానీ ఉంటే షుగర్ అని లెక్క వేసే పద్ధతి పెట్టారు. దాన్నే డిప్సీ పరీక్ష అంటారు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లోకి ఎక్కింది ఇదే. ఆయన పుట్టినరోజైన మార్చి 10ని గర్భంలో షుగర్ మీద అవగాహన దినంగా దేశమంతా జరుపుతున్నారు. 2022లో పద్మశ్రీ కూడా వచ్చింది.

ఆ బృందం 2008లో ప్రచురించిన లెక్కలు తమిళనాడువే. చెన్నై నగరంలో చూసిన గర్భిణుల్లో 17.8 శాతం మందికి, సైదాపేటలో 13.8 శాతానికి, తిరువళ్ళూరు పల్లెల్లో 9.9 శాతానికి గర్భంలో షుగర్ కనపడింది. తిరువళ్ళూరు దాటితే మన చిత్తూరు, తిరుపతి జిల్లాలే. పల్లెటూరి పిల్లకి షుగరేమిటన్న మాటకి ఆ 9.9 చాలు.

డిప్సీ పద్ధతిలో లోటు లేదని అనను. పరగడుపు షుగర్ ఒక్కటే ఎక్కువగా ఉండి, తిన్న తర్వాత మామూలుగా ఉండే అమ్మాయిలు కొందరు ఇందులో దొరకరు. ఆ విమర్శలో న్యాయముంది. రెండు మూడు సార్లు ఆసుపత్రికి వెళ్ళగలిగే స్థోమత ఉన్నవాళ్ళు మూడు శాంపిళ్ళ పరీక్ష చేయించుకుంటే మంచిదే. కానీ డిప్సీలో 146 వచ్చాక, మూడు శాంపిళ్ళలో నార్మల్ వచ్చిందని మొదటిదాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. వాలు మీద ఆమె నిలబడ్డ చోటు మారలేదు. పైగా ఈ దశలో ఇచ్చే వైద్యం మొదట తిండి మార్చడం, నడవడం. దానివల్ల తల్లికీ బిడ్డకీ పోయేదేమీ లేదు. జాగ్రత్త పడితే బిడ్డకి నిజంగా మేలు జరుగుతుందా అన్న అనుమానం 2005లోనే తీరింది. ఆస్ట్రేలియాలో 1,000 మంది గర్భిణులతో చేసిన పరీక్షలో, తిండి సలహా, షుగర్ చూసుకోవడం, అవసరమైతే ఇన్సులిన్ అందినవాళ్ళ పిల్లల్లో తీవ్రమైన ఇబ్బందులు 4 శాతం నుంచి 1 శాతానికి తగ్గాయి.

పరీక్ష రోజున

మొదటిసారి గర్భం నమోదు చేయించుకున్నప్పుడు ఒకసారి, అప్పుడు మామూలుగా ఉంటే 24 నుంచి 28 వారాల మధ్య మళ్ళీ ఒకసారి చేయించుకోవాలి. మూడో నెలలో బాగానే వచ్చింది కదా అని రెండోది మానేసేవాళ్ళు చాలామంది. మాయ హార్మోన్ల జోరు మొదలయ్యేదే ఐదో నెల తర్వాత కాబట్టి అసలు ముఖ్యమైంది ఆ రెండోదే.

75 గ్రాముల పొడిని దాదాపు 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగాలి. వెగటుగా ఉంటుంది, వికారం వస్తుంది. నెమ్మదిగా గుక్క గుక్కగా తాగితే కొంత నయం. అరగంట లోపు వాంతి అయిపోతే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, మరునాడు మళ్ళీ చేయించుకోవాలి. సిస్టర్‌కి చెప్పకుండా ఊరుకుంటే అంకె తక్కువ వస్తుంది, నష్టపోయేది మనమే. ఆ రెండు గంటలూ ఆసుపత్రి వరండాలో కూర్చోవాలి. కింద టీ కొట్టుకి వెళ్ళి రావడం, మెట్లు ఎక్కి దిగడం వద్దు. తాగడం మొదలుపెట్టిన సమయం ఫోన్‌లో రాసి పెట్టుకోండి, ఎందుకంటే రద్దీ ఉన్న చోట రెండున్నర గంటలకి పిలుస్తారు. రక్తం తీశాక ట్యూబు బయట ఊరికే పడి ఉంటే అందులోని కణాలే గ్లూకోజ్‌ని తినేస్తూ ఉంటాయి, గంట గంటకీ అంకె తగ్గుతుంది. చిన్న కలెక్షన్ సెంటర్లో ఇచ్చి, శాంపిల్ ఊరవతల ల్యాబుకి ఎప్పుడో వెళ్ళే ఏర్పాటు కన్నా అక్కడికక్కడే చూసే చోటు మంచిది.

మూడు నెలల సగటు అని చెప్పే హెచ్‌బీఏ1సీతో సరిపెట్టుకుందామనుకుంటారు కొందరు. గర్భంలో ఎర్రకణాలు త్వరగా మారిపోతుంటాయి, మన అమ్మాయిల్లో రక్తహీనత కూడా ఎక్కువ. రెండూ ఆ అంకెని తప్పుదారి పట్టిస్తాయి. గర్భంలో షుగర్ కనిపెట్టడానికి అది చాలదు. రక్తహీనత మాట వచ్చింది కాబట్టి: హీమోగ్లోబిన్ 11 కన్నా తగ్గకూడదు, నాలుగో నెల నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్ర రోజూ వేసుకోవాలి. ఫిల్టర్ కాఫీతోనో టీతోనో మాత్రం వద్దు. క్యాల్షియం మాత్రతో కలిపి కూడా వేసుకోకూడదు.

కంచంలో

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఒకవైపు "ఇద్దరి కోసం తినాలి" అని పెట్టేవాళ్ళు, ఇంకోవైపు షుగర్ అని తెలియగానే అన్నం పూర్తిగా మాన్పించేవాళ్ళు. మన పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి అదనంగా కావాల్సింది రోజుకి 350 క్యాలరీలు. ఇంకో మనిషి తిండి అంత కాదు అది. అలాగని పస్తు పెడితే శరీరం కొవ్వు కరిగించి కీటోన్లు తయారు చేస్తుంది, కడుపులో బిడ్డ ఉన్నప్పుడు అది మంచిది కాదు. గర్భంలో షుగర్ ఉన్నా రోజుకి కనీసం 175 గ్రాముల పిండిపదార్థం కావాలి. దాన్ని ఎలా పంచుకుంటామన్నదే అసలు పని.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకమ్మాయి గ్లూకోమీటర్ కొనుక్కుని, పిల్లల రూళ్ళ పుస్తకంలో ఒక వరుసలో తిన్నది, పక్క వరుసలో అంకె రాసుకునేది. మధ్యాహ్నం కప్పు అన్నం, గిన్నెడు పప్పు, బీరకాయ కూర, పెరుగు తింటే రెండు గంటలకి అంకె బాగానే ఉండేది. పొద్దున మాత్రం ఎప్పుడూ ఎక్కువే. ఆమె పొద్దున తాగేది రాగిజావ. రాగి షుగర్‌కి మంచిదని ఊరంతా చెప్తారు కదా అని ఆమెకి అనుమానమే రాలేదు. మెత్తటి పిండిని పల్చగా కాచి తాగితే పొట్టలో అరగడానికి పనేమీ ఉండదు, గబుక్కున రక్తంలోకి వస్తుంది. అదే రాగి రొట్టె చేసి ఆకుకూర పప్పుతో తినడం మొదలుపెట్టింది, పొద్దుటి అంకె దిగింది. రాగి చెడ్డదని దీని అర్థం కాదు. ఆ పుస్తకం లేకపోతే ఆమె అన్నం మానేసి జావ ఇంకో గ్లాసు పెంచుకునేది.

పొద్దునే ఎక్కువ రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. తెల్లవారుజామున కార్టిసాల్ ఎక్కువగా ఉంటుంది, ఇన్సులిన్ మాట శరీరం వినదు. అవే రెండు ఇడ్లీలు రాత్రి తింటే వచ్చే అంకె వేరు, పొద్దున తింటే వచ్చేది వేరు. చెన్నై టిఫిన్ తీరు దీనికి పూర్తిగా ఎదురు: నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ, చక్కెర వేసిన కాఫీ. వాటిని రెండు ఇడ్లీలు చేసి, పల్లీ చట్నీ, గుడ్డు పెట్టుకుంటే, మిగిలిన ఇడ్లీని పది గంటలకి సాంబారుతో తింటే తిన్నది దాదాపు అంతే, రక్తంలోకి వచ్చే తీరు వేరు. పెసరట్టు మనకున్న గొప్ప టిఫిన్, ఉప్మా లేకుండా తింటే. భోజనానికి ముందు కూర, పప్పు కాస్త తిని తర్వాత అన్నం కలుపుకోవడం, తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవడం, ఈ రెండూ అంకె మీద స్పష్టంగా కనిపిస్తాయి. డాక్టరు వద్దన్న సందర్భాలు తప్ప నడకకి భయపడక్కర్లేదు. చెన్నై ఎండకి పార్కు దాకా పోలేకపోతే ఇంట్లో వసారాలో తిరిగినా నడకే.

జ్యూసులు మానేసి పండు తినాలి. పాలలో కలిపే పొడుల డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదవాలి. సీమంతం రోజున ఒక లడ్డు తింటే ప్రళయం రాదు, ఆ తర్వాత వారం పాటు ఇంట్లో మిగిలిన స్వీట్లే అసలు సమస్య.

లక్ష్యాలు గుర్తుపెట్టుకోవడం తేలిక: పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకి 120 లోపు. గంటకి చూసుకునేవాళ్ళకి 140 లోపు.

ఇన్సులిన్ అంటే ఓడిపోవడం కాదు

రెండు వారాలు తిండి మార్చి, నడిచినా అంకెలు దిగకపోతే మందు కావాలి. "ఇన్సులిన్ మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలి, బిడ్డకి ఎక్కుతుంది" అని ఎవరో ఒకరు చెప్తారు. ఈ రెండు మాటలూ తప్పే. పెడర్సన్ చెప్పిన తేడా ఇక్కడ మన పక్షాన ఉంది: ఇన్సులిన్ మాయ దాటదు. షుగర్ మందుల్లో గర్భిణికి ముందు వరసలో నిలిచేది అదే. మెట్‌ఫార్మిన్ మాత్ర మాయ దాటుతుంది. అయినా దాన్ని చాలాకాలంగా వాడుతున్నారు, మన మార్గదర్శకాలు 20 వారాల తర్వాత ఇవ్వొచ్చని ఒప్పుకున్నాయి. ఏది సరైనదో డాక్టరు తేల్చాలి. కాన్పయి మాయ బయటికి వచ్చాక చాలామందికి ఇన్సులిన్ అవసరం ఆ రోజే తీరిపోతుంది.

ఇన్సులిన్ వేసుకునేవాళ్ళ ఇంట్లో అందరికీ ఒకటి తెలియాలి. చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడితే షుగర్ 70 కన్నా పడిపోయి ఉండొచ్చు. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి, తర్వాత ఏమైనా తినాలి. ఆ డబ్బా వంటింట్లో చేతికందే చోట ఉండాలి.

అలాగే, పాత థైరాయిడ్, బీపీ, ఫిట్స్ మాత్రల్ని "బిడ్డకి మంచిది కాదేమో" అని సొంతంగా ఆపేసేవాళ్ళని చూస్తుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. కొన్ని మాత్రలు మార్చాల్సిందే, కానీ అడిగి మార్చాలి. ఆపేసిన థైరాయిడ్ మాత్ర బిడ్డకి చేసే నష్టం, వేసుకున్న మాత్ర చేయదు.

షుగర్ ఉన్న గర్భిణికి బీపీ పెరిగే అవకాశం కూడా ఎక్కువ. విడవని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం, చేతులు హఠాత్తుగా ఉబ్బడం, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక ఎప్పటికన్నా తగ్గిందనిపించడం: వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి. ప్రైవేటులో చూపించుకునే స్థోమత లేనివాళ్ళకి ఎగ్మూరులో 1844 నుంచి ఉన్న ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. ప్రతి నెలా 9న దేశమంతటా ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా ప్రత్యేక పరీక్షలు చేస్తారు. భాష రాదని వెనకాడవద్దు, ఉత్తర చెన్నై ఆసుపత్రుల్లో తెలుగు అర్థమయ్యే మనిషి ఒకరైనా దొరుకుతారు.

రెండు ఊళ్ళ మధ్య

షుగర్ అదుపులో ఉండి, బిడ్డ పెరుగుదల బాగుంటే షుగర్ ఒక్కటే సిజేరియన్‌కి కారణం కాదు. పుట్టగానే, మొదటి గంటలోనే తల్లిపాలు పట్టాలి. బిడ్డ షుగర్ పడిపోకుండా మొదట కాపాడేది అదే. తేనె నాకించడం, చక్కెర నీళ్ళు పోయడం వద్దు. మడమ దగ్గర సూదితో గుచ్చి బిడ్డ షుగర్ చూస్తుంటే అమ్మమ్మలు కంగారుపడతారు. చూడనివ్వాలి.

మన ఆచారం ప్రకారం ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. ఆ ప్రయాణంలో చెన్నై ఫైలు తరచూ చెన్నైలోనే ఉండిపోతుంది. అక్కడి డాక్టరుకి ఈమెకి షుగర్ ఉన్నట్టే తెలియదు, ఎందుకంటే ఇంట్లోవాళ్ళు "ఏమీ లేదన్నారు" అన్న రెండో కాగితాన్నే చూపిస్తారు. రెండు కాగితాలూ, గ్లూకోమీటరూ, అంకెలు రాసుకున్న పుస్తకమూ బట్టల కన్నా ముందు సర్దుకోవాలి. తమిళనాడులో గర్భం నమోదు చేయించుకున్నప్పుడు ఇచ్చే పిక్మీ నంబరు కూడా. ఇక్కడే కాన్పయితే బర్త్ సర్టిఫికెట్‌కి అది అడుగుతారు.

కాన్పు తర్వాత కథ అయిపోయిందనుకోవడం దీనంతటిలోనూ పెద్ద పొరపాటని నా ఉద్దేశం. గర్భంలో షుగర్ వచ్చిన తల్లికి తర్వాతి జీవితంలో టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళ కన్నా ఏడు రెట్లకి పైగా ఉంటుందని 2009లో అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. అందుకే కాన్పయిన ఆరు వారాలకి మళ్ళీ గ్లూకోజ్ పరీక్ష, ఈసారి పరగడుపున. అది బాగుంటే ఏడాదికోసారి. ఇంకో బిడ్డ కావాలనుకుంటే దానికి ముందు కూడా. కానీ ఆరు వారాలంటే బాలింత పథ్యం నడిచే రోజులు, అమ్మాయి నిద్రలేక వాలిపోయి ఉంటుంది, ఆమె రక్తం గురించి ఎవరికీ పట్టదు. బిడ్డకి మాత్రం ఆరు వారాల టీకా తప్పనిసరి, దానికోసం ఇంటిల్లిపాదీ బయలుదేరతారు. అదే రోజు, అదే ఆసుపత్రిలో తల్లి పరీక్ష కూడా పెట్టించుకోవచ్చు. టీకాల కార్డు మీద ఆ తేదీ పక్కన పెన్నుతో "అమ్మకి షుగర్ పరీక్ష, పరగడుపున" అని రాసి ఇవ్వమని డిశ్చార్జి రోజున సిస్టర్‌ని అడగండి, లేదా మీరే రాసేయండి.